ఉరుపు

బోరుబండి వెనకాల నడిచే ఇల్లు అది.
పాత బస్సు. సీట్లు పీకేసి
నలుగురికి బల్లమంచాలు, ఒక గ్యాసు పొయ్యి,
అడ్డంగా కట్టిన తాడు మీద బనీన్లు.
నీళ్లు వెతికేవాళ్లు అందులో ఉంటారు
ఊరికి మూడు రాత్రుల లెక్కన.
ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు.
వీళ్ల గంప ఎప్పుడూ చక్రాల మీదే.

గుత్తి బైపాసు పక్క, నా రేకుల షెడ్డు ముందర
తెచ్చి ఆపినాడు ఓబుళపతి.
"మౌలాలీ, ముందర అద్దం ఉరుస్తాండాది.
రాత్రి కురిసింది గంటసేపే. బియ్యం మూట నానిపాయ."
కిటికీలోంచి తొంగిచూసి పుల్లక్క అనె:
"మొన్న యాడికి దగ్గర ఎనిమిదొందల అడుగులు పోతే
దుమ్ము తప్ప రాలేదు.
పైనుంచి మాత్రం నా పక్కమీదికే వస్తాది సూడు."

తప్పు అద్దానిది కాదు. ఎప్పుడూ కాదు.
రబ్బరు బీడింగు ఎండకు చచ్చి
మూలల్లో పాత చెప్పు మాదిరి పగిలింది.
నేనూ సుంకడూ చెరో పక్క పట్టి
అద్దాన్ని గోనెపట్టల మీద పండబెట్టినాము.

ఫ్రేము పైన రంగు నున్నగా ఉంది.
స్క్రూడ్రైవరు మొనతో ఊరికే తట్టినా,
పిడి దాకా దిగిపోయింది.
చిలుముకు తొందర లేదు.
రంగు కింద చాప పరుచుకుని
ఏండ్ల తరబడి నిదానంగా భోంచేస్తాది.

సుత్తి, ఉలి, తీగల బ్రష్షు.
మిరపకల్లంలో నిలబడినట్టు
ఎర్రపొడి ముక్కుల్లోకి, రెప్పల్లోకి.
కుడి మూల గీకుతాంటే లప్పం పెళ్లగా ఊడొచ్చింది.
లప్పం వెనక ఎం-సీల్ ముద్ద,
ముద్ద వెనక మడతపెట్టిన సిమెంటు సంచి ముక్క.
"ఎవడో దొంగనాయాలు" అన్నాడు సుంకడు.

ముద్ద మీద బొటనవేలి గుర్తు ఉంది.
నడిమధ్య అడ్డంగా గాటు.
ఎప్పుడో రేకు కోసుకుపోయిన వేలు అది,
నాదే.

ఎనిమిదేండ్ల కిందట, రంజాన్ పండగ ముందురోజు.
పొద్దుగూకకముందే బండి పంపాల.
కోసి కొత్త రేకు అతకాల్సిన చోట
సంచి కూరి, పూసి, రంగు కొట్టి
"నీ మనవళ్ల దాకా ఢోకా లేదు" అని
కూలి పూర్తిగా తీసుకున్నా.

సుంకడిని టీకి పంపి, ఓబుళపతిని పిలిచి చూపించినా.
అతను ముద్దను తిప్పి తిప్పి చూసినాడు.
ఆ గుంతలో తన బొటనవేలు పెట్టినాడు.
"నాది పట్టదు" అన్నాడు.
కాసేపాగి, నా వైపు చూడకుండా:
"పెద్దవడుగూరు కాడ ఒకాయనకు చెప్పినా,
ఆరొందల అడుగుల్లో తడి తగిలింది, ఇంకో వంద పోదామని.
తడి నేను చూడలేదు."
అంతే. ఇద్దరమూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కుళ్లినంత మేరా కోసినాము,
అనుకున్నదానికన్నా జానెడు ఎక్కువే పోయింది.
పద్దెనిమిది గేజి రేకు, వెల్డింగు,
రెండు పూతల రెడాక్సైడు, మధ్యలో ఒక రాత్రి ఆరుదల.
కొత్త బీడింగు గాడిలో నైలాను తాడు చుట్టి
సబ్బునీళ్లు పూసి అద్దం నిలబెట్టినాము.
బయటినుంచి సుంకడు అరచేతులతో నొక్కుతాంటే
లోపలినుంచి నేను తాడు లాగుతా వచ్చినా.
రబ్బరు పెదవి ఇనుప అంచును
అంగుళం అంగుళం కరుచుకుంది.

ఇంక నీళ్లు పోసి చూడాల.
మా వీధికి ట్యాంకరు రాక నాలుగు రోజులు.
పుల్లక్క తన డ్రమ్ములోంచి రెండు బిందెలు ముంచి దించె.
"పోయ్. చూడకుండా ఎట్ల నమ్మేది?"

డాష్‌బోర్డు మీద పాత పేపరు పరిచి
లోపల కూర్చున్నా. పక్కన ఓబుళపతి.
టాపు మీదినుంచి సుంకడు నిదానంగా వంచినాడు.
అద్దం నిండా నీళ్లు.
గుత్తి కొండ కరిగి, కోటగోడ వంకరపోయి
మళ్లీ నిలబడింది.
కుడి మూల వేలితో తడిమినా, వాసన చూసినా.
పేపరు పొడిగానే ఉంది.

ఓబుళపతి పేపరు చూడటం లేదు.
అద్దం మీద జారే నీళ్లనే చూస్తాండాడు,
చిన్నపిల్లోని మాదిరి నోరు తెరిచి.
"రెండోది కూడా పోయమను" అన్నాడు.

కింద బంపరు దగ్గర పుల్లక్క
టబ్బు పెట్టి పట్టుకుంటాంది
బనీన్లు ఉతకడానికి.